లెటర్‌హెడ్ మీద మన గుర్తు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు పిల్లల చదువుల గురించీ, వైద్య సహాయం గురించీ విలువైన మాటలు చెప్పారు. నాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. కార్యదర్శి గారు ఫోను చేసి, "భాయ్, లెటర్‌హెడ్ మీద మన గుర్తు సంగతి ఓ పావుగంట చెప్పాలి" అన్నారు. అంగుళం వెడల్పు బొమ్మ మీద పావుగంట ఏం చెబుతావని మా ఇంట్లోవాళ్లు నవ్వారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. చిన్నప్పుడు ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చి, తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని బతికినవాణ్ణి. మాటల్లో పొరపాటు దొర్లితే పెద్ద మనసుతో మన్నించవలసిందిగా మనవి.

ముందు జరిగింది చెబుతాను. రెండేళ్ల కిందట మన సంఘం ఒక అమ్మాయికి సగం ఫీజు తాను కడతానని ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ ఉత్తరం చూపిస్తే మిగతా సగానికి ఒక ఆఫీసులో సాయం దొరుకుతుంది. తండ్రీ కూతుళ్లు గడువుకు ఒక్కరోజు ముందు వెళ్లారు. అక్కడి గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది జిరాక్సు కదా, ఒరిజినల్ తెండి" అన్నాడు. అది ఒరిజినలే. కార్యదర్శి గారు స్వయంగా సంతకం చేసిన కాగితమే. కాకపోతే సంతకం నల్ల ఇంకుతో ఉంది, పైన మన గుర్తు మసి పూసినట్టు ఉంది. ఆ రోజు కార్యదర్శి గారు ఊళ్లో లేరు. ఇంకో ఉత్తరం తయారయ్యేసరికి గడువు దాటింది. ఆ తండ్రి ఆ ఏడు ఫీజు వడ్డీకి తెచ్చి కట్టారు. ఈ మాట ఆయన నాతో అనలేదు, వేరేవాళ్ల నోట విన్నాను. మన సంఘం పెట్టుకున్నదే మనవాళ్లు వడ్డీల వైపు పోకుండా చూడటానికి.

ఆ గుమాస్తాను నేను తప్పు పట్టను. కాపీకి కాపీ తీసిన కాగితం ఎలా ఉంటుందో మన గుర్తు అచ్చంగా అలాగే ఉంది. అక్షరాల చుట్టూ బూడిద రంగు నుసి, గీతలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆ లెటర్‌హెడ్‌ను కంప్యూటరులో పెట్టినవాణ్ణి నేనే. అప్పట్లో ఎవరో ఫోనుకు పంపిన బొమ్మ తీసుకుని అతికించాను. తర్వాత మంచిది చేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది ఆరేళ్లు నడిచింది.

ఈ గుర్తు మొదటి నుంచీ ఇలా లేదు. సంఘం పెట్టిన కొత్తలో మన డ్రాయింగు మాస్టారు గారు తెల్లటి అట్ట మీద ఇండియన్ ఇంకుతో దీన్ని దాదాపు జానెడు వెడల్పున గీశారు. తెరిచిన పుస్తకం, పక్కన దీపం, పైన నెలవంక, చుట్టూ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో పేరు. ఉర్దూ వరుస మాత్రం హైదరాబాదు ఛత్తా బజారులో ఒక కాతిబ్ సాహెబ్ చేత రాయించి తెచ్చారు. పెళ్లి పత్రికల అచ్చుకు, మంచి దస్తూరికి పేరుపడ్డ బజారు అది. ఆ అట్టను విజయవాడ పంపి జింకు బ్లాకు చేయించారు.

బ్లాకు ఎలా చేసేవారో కుర్రవాళ్లకు తెలియదు కనుక రెండు ముక్కలు చెబుతాను. పెద్ద బొమ్మను ప్రాసెస్ కెమెరాతో ఫోటో తీసి, కావలసిన సైజుకు తగ్గించి, ఆ నెగెటివుతో జింకు రేకు మీద ముద్ర వేసేవారు. నైట్రిక్ ఆసిడ్‌లో పెడితే గీత లేని చోటంతా తినేసి గీతలు మాత్రం ఎత్తుగా నిలుస్తాయి. దాన్ని చెక్కకు బిగించి అక్షరాలతోపాటు ట్రెడిల్ మిషను ఎక్కించేవాళ్లం. ఇందులో గమనించవలసినవి రెండు. ఒకటి, పెద్దది గీసి చిన్నది చేశారు. చెయ్యి వణికిన చోటు నాలుగో వంతు అయ్యేసరికి కంటికి ఆనదు. రెండోది, లైను బ్లాకులో బూడిద రంగు అనేది లేదు. ఉంటే ఇంకు, లేకపోతే కాగితం. అందుకే పాత రసీదు పుస్తకాల్లో మన గుర్తు సూదితో చెక్కినట్టు ఉండేది.

తర్వాత ఆ ప్రెస్సు మూతపడింది. బ్లాకు పాత ఇనుము కింద తూకానికి పోయి ఉంటుంది. అట్ట ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. ఆఫ్‌సెట్ వచ్చాక ఒకరు రసీదు మీది అర అంగుళం బొమ్మను పెద్దది చేయించారు. ఇంకొకరు దాన్ని స్కాను చేశారు. మరొకరు ఆ స్కాను ప్రింటును ఫోనుతో ఫోటో తీశారు. ఆ ఫోటో వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగి నా దగ్గరకొచ్చింది. ప్రతి కార్యవర్గమూ ముందు కార్యవర్గం కాగితాన్నే కాపీ కొట్టింది. అందరూ మంచి ఉద్దేశంతోనే చేశారు.

ఇలా తిరగడంలో ఏం పోయిందో నాకు కూడా ఈ మధ్యనే తెలిసింది. ఉర్దూ వరుసలో 'ఖిద్మత్' అనే మాట ఉంది. ఖే అక్షరం పైన ఒక నుక్తా ఉండాలి. కాపీలలో ఆ చుక్క అరిగి అరిగి మాయమైంది. చుక్క లేకపోతే అది ఖే కాదు, హే. 'హిద్మత్' అనే మాటే లేదు. మన సంఘం చేసే పని పేరే మన గుర్తులో తప్పుగా అచ్చవుతూ వచ్చింది. మా ఉర్దూ మాస్టారు చూపించేదాకా ఏ ఒక్కరం గమనించలేదు. తెలుగు సంగతీ అంతే, 'సంఘం'లోని సున్నాలు రెండూ పూడిపోయి నల్ల బొట్లయ్యాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. కంప్యూటరులో బొమ్మ రెండు విధాలుగా ఉంటుంది. ఒకటి గళ్ల బొమ్మ. మన ఇళ్లలో పిల్లలు గళ్ల కాగితం మీద గడిగడికీ రంగు నింపి పువ్వు వేస్తారే, అలాంటిది. ఆ గడినే పిక్సెల్ అంటారు. ఫోనుతో తీసిన ఫోటో, స్కాను చేసిన కాగితం అన్నీ గళ్ల బొమ్మలే. రెండోది గీతల బొమ్మ, వెక్టర్ అంటారు. అందులో గళ్లు ఉండవు. ఇక్కణ్ణుంచి అక్కడికి ఇంత వంపుతో గీత, ఇంత వ్యాసంతో వృత్తం అని లెక్క మాత్రమే రాసి ఉంటుంది. ఏ సైజు అడిగితే ఆ సైజుకు యంత్రం కొత్తగా గీస్తుంది. గోరంత అడిగినా, గోడంత అడిగినా అంచు అంచులాగే ఉంటుంది.

ఇది మనకు మరీ కొత్త సంగతేమీ కాదు. 10వ శతాబ్దంలో బాగ్దాదులో వజీరుగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా గారు అరబీ అక్షరాలకు కొలత పెట్టారు. కలం మొనతో పెట్టిన చుక్కే కొలబద్ద. అలిఫ్ ఇన్ని చుక్కల పొడవు, ఆ అలిఫ్‌ను వ్యాసంగా తీసుకుని వృత్తం గీస్తే మిగతా అక్షరాల వంపులు దానికి సరిపోవాలి. కలం లావైతే చుక్క పెద్దదవుతుంది, దానితోపాటు అక్షరమూ పెరుగుతుంది, పొందిక చెడదు. కంప్యూటరు వంపులకు వాడే లెక్క మాత్రం 1960లలో ఫ్రాన్సులో కార్ల బాడీల కోసం వచ్చింది. రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే దాన్ని వాడకంలోకి తెచ్చారు, అందుకే వాటిని బెజియే వంపులు అంటారు. కారు రేకు కోసం పుట్టిన లెక్కతో ఈనాడు నస్తాలీక్ వంపులు గీస్తున్నాం!

గళ్ల బొమ్మ ఎందుకు మసకబారుతుందో ఒక లెక్క చూడండి. ఈనాడు ఆఫీసుల్లో ఉండే లేజరు ప్రింటర్లు ఎక్కువగా అంగుళానికి 600 చుక్కలు పెట్టగలవు. 1984, 1985లలో బల్ల మీద పెట్టుకునే లేజరు ప్రింటర్లు మొదట వచ్చినప్పుడు 300 ఉండేది. ఇప్పుడు మీ బొమ్మ అంగుళం వెడల్పులో 96 గళ్లే అనుకోండి, కంప్యూటరు తెర కోసం చేసినవి చాలా వరకు అలాగే ఉంటాయి. 600 చుక్కల చోట 96 గళ్లు పరవాలి. అంటే ఒక్కో గడికి అటు ఆరు, ఇటు ఆరు చుక్కలకు పైగా సాగదీయాలి. వంపు మెట్లు మెట్లుగా కనబడుతుంది. మెట్లు కనబడకుండా మధ్యలో బూడిద రంగు పూస్తే అది మసక అవుతుంది. ప్రింటరు ఎంత ఖరీదైనదైనా లేని గళ్లను పుట్టించలేదు. ఫోటో అయితే అంగుళానికి 300 గళ్లు చాలు. మన గుర్తులాంటి గీతల బొమ్మకు, అందులోనూ సన్నని అక్షరాలు ఉన్నదానికి, 600కు తగ్గకూడదు. 1200 ఉంటే మరీ మంచిది.

జెపెగ్ అనే ఫైలు సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువ నష్టం చేసింది అదే. 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి ఫోటోల కోసం పుట్టింది. బొమ్మను ఎనిమిదేసి గళ్ల చదరాలుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని వివరాన్ని పారేసి, ఫైలు చిన్నది చేస్తుంది. ముఖం, చెట్టు, ఆకాశం ఉన్న ఫోటోలో ఆ నష్టం తెలియదు. నలుపు తెలుపు కలిసే పదునైన అంచు దగ్గర మాత్రం చుట్టూ నుసి రాలుస్తుంది. మార్చి దాచిన ప్రతిసారీ ఇంకొంచెం రాలుస్తుంది. గీతల బొమ్మను గళ్లలోనే ఉంచక తప్పకపోతే పిఎన్‌జి ఫైలుగా దాచండి, అది ఏ గడినీ పారేయదు. అయితే ఒకసారి జెపెగ్‌లో చెడిపోయినదాన్ని పిఎన్‌జిగా మార్చినంత మాత్రాన బాగుపడదు. చిల్లు కుండను వెండి పళ్లెంలో పెట్టినట్టే.

మరి నేను చేసిందేమిటంటే, పాత అట్ట కోసం పది ఇళ్లు తిరిగాను, దొరకలేదు. చివరకు ఒక ఖాలా గారి ట్రంకు పెట్టెలో మన తొలి సావనీరు దొరికింది. ఆర్టు పేపరు కవరు, దాని మీద మూడు అంగుళాల గుర్తు, జింకు బ్లాకు అచ్చు. ఆమె దాన్ని గుడ్డలో చుట్టి దాచారు. నాకు ఇంటికి ఇవ్వనన్నారు, నేను స్కానరు ఆమె ఇంటికే మోసుకెళ్లాను. ఇచ్చి ఉంటే నేనూ ఎక్కడో పోగొట్టేవాణ్ణేమో.

అంగుళానికి 1200 చొప్పున స్కాను చేస్తే వెడల్పులో 3600 గళ్లు వచ్చాయి. ఇంక్‌స్కేప్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఉంది. గళ్ల బొమ్మను దానంతట అదే గీతలుగా మార్చే సౌకర్యం అందులో ఉంది, ట్రేస్ అంటారు. కుర్రవాళ్లు అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. దగ్గరగా చూస్తే కాగితం నూగు, ఇంకు చిమ్మిన చోటు అన్నిటినీ అది గీతలుగా మార్చి పెడుతుంది. వృత్తం వృత్తంలా ఉండదు, వేల ముడులతో గరుకుగా ఉంటుంది. నేను ఆ బొమ్మను అడుగున పెట్టుకుని పైన చేత్తో మళ్లీ గీశాను. వృత్తానికి నిజమైన వృత్తం, పుస్తకం అంచుకు నిజమైన తిన్నని గీత. నెలవంకకు నాలుగైదు ముడులు సరిపోయాయి. ముడులు ఎంత తక్కువైతే వంపు అంత నున్నగా వస్తుంది. ఉర్దూ వరుసకు మాత్రం పది రాత్రులు పట్టింది. ఆ కాతిబ్ సాహెబ్ కలం తిరిగిన తీరు నాకు అంత తేలిగ్గా అందలేదు. అప్పుడే మాస్టారు గారు పక్కన కూర్చుని నుక్తా సంగతి చెప్పింది.

తెలుగు అక్షరాల్లో ఇంకో చిక్కు ఉంది. పేరును ఫాంటులో టైపు చేసి అలాగే వదిలేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచినప్పుడు వేరే అక్షరాలు, ఒక్కోసారి పిచ్చి గుర్తులు వస్తాయి. మన డీటీపీ వాళ్లందరికీ ఇది అనుభవమే. అందుకని గుర్తులోని అక్షరాలన్నిటినీ చివరన గీతలుగా మార్చేయాలి. ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ అని ఉంటుంది. మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు కాబట్టి ముందే ఇద్దరి చేత చదివించండి. నేను ముగ్గురి చేత చదివించాను.

రంగు విషయానికి వస్తే మనది ఆకుపచ్చ. దాన్ని మార్చమని నేను అనను, అంటే మీరు ఒప్పుకోరు. కానీ కలరు లేజరు ప్రింటరులో ఆకుపచ్చ పొడి ఉండదు. ఉండేవి నాలుగే రంగులు: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. నీలం చుక్కలు, పసుపు చుక్కలు పక్కపక్కన, ఒకదానిపై ఒకటి పడి మన కంటికి ఆకుపచ్చ అవుతాయి. నెలవంక అంత పెద్ద బొమ్మలో ఇది తెలియదు. రెండు మిల్లీమీటర్ల అక్షరంలో అంచులు ముక్కలైపోతాయి, రెండు రంగులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా అక్షరం జమిలిగా కనబడుతుంది. అందుకని నెలవంక, పుస్తకం ఆకుపచ్చలో ఉంచి, చుట్టూ అక్షరాలు పూర్తి నలుపు చేశాను. కొందరు పెద్దలకు మొదట నచ్చలేదు. రెండు ప్రింట్లు పక్కన పెట్టి చూపించాక ఊరుకున్నారు.

నలుపు ప్రింటరుకు వేరే బొమ్మ కావాలి. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి, ఆ అమ్మాయి ఉత్తరం చెడింది ఇక్కడే. ఆకుపచ్చ బొమ్మను నలుపు ప్రింటరుకు ఇస్తే అది ఆకుపచ్చను బూడిద రంగుగా లెక్కగట్టి, ఆ బూడిదను చుక్కలుగా చల్లుతుంది. సన్నని గీత చుక్కల వరుస అయిపోతుంది. జిరాక్సు పోలిక వచ్చేది అందువల్లనే. కాబట్టి పూర్తి నలుపు, పూర్తి తెలుపు మాత్రమే ఉన్న ప్రతి ఒకటి విడిగా గీశాను. మన పాత లైను బ్లాకు నీతే ఇది. రబ్బరు స్టాంపు చేయించినా దీన్నే ఇవ్వాలి.

వర్డ్‌లో పెట్టేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. తెర మీది బొమ్మను కత్తిరించి అతికించకండి. ఇన్సర్ట్‌లోకి వెళ్లి ఫైలునే తీసుకోండి. ఇప్పటి వర్డ్, లిబ్రె ఆఫీస్ రెండూ ఎస్‌విజి అనే గీతల ఫైలును తీసుకుంటాయి. వెనకటి ఇపిఎస్ ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే, భద్రత కారణంగా 2017 నుంచి ఆఫీసు ప్రోగ్రాములు వాటిని ఆపేశాయి, వాటితో కుస్తీ పట్టవద్దు. పాత కంప్యూటరులో ఎస్‌విజి తెరుచుకోకపోతే, 1200 చొప్పున చేసిన పిఎన్‌జి కూడా ఇచ్చాను. దాన్ని పెట్టినప్పుడు ఒక మెలిక ఉంది. ఫైలు చిన్నది చేయడానికి వర్డ్ తనంతట తాను బొమ్మలను కుదిస్తుంది, చాలా వెర్షన్లలో అంగుళానికి 220కి దించుతుంది. మనం కష్టపడి 1200 ఇస్తే అది చప్పుడు చేయకుండా 220 చేసి దాచుకుంటుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద బొమ్మలను కుదించవద్దు అనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టాలి. పిడిఎఫ్ చేసేటప్పుడు కూడా 'మినిమమ్ సైజు' అనేది ఎంచుకోకండి, 'స్టాండర్డ్' చాలు. సైజు మార్చాలంటే మూల పట్టుకుని లాగండి. పక్క పట్టుకుని లాగితే వృత్తం కోడిగుడ్డు అవుతుంది. కిందటేడు ఈద్ మిలాప్ ఆహ్వానం మీద మన నెలవంక అలాగే పొట్ట పెంచింది.

ఎంత చిన్నది చేయవచ్చు అని అడిగారు. లెటర్‌హెడ్ మీద పాతిక మిల్లీమీటర్లకు తగ్గించకండి. మూడు భాషల పేర్లు చుట్టూ ఉన్నాయి, అంతకన్నా చిన్నదైతే వత్తులు, నుక్తాలు మళ్లీ పూడిపోతాయి. రసీదు పుస్తకం, గుర్తింపు కార్డుల కోసం చుట్టూ అక్షరాలు లేని చిన్న గుర్తు వేరే చేశాను. పేరు పక్కన పెద్దగా వేసుకోవచ్చు. ఉత్తరం వెనకాల నీడలాగా పెద్ద గుర్తు వేయాలని మన కుర్రవాళ్లకు సరదా. నా మనవి, వద్దు. ఆ కాగితాన్ని ఎవరైనా నిజంగా జిరాక్సు తీసినప్పుడు ఆ నీడ మచ్చలు మచ్చలుగా పడి, పైన రాసింది చదవనివ్వదు.

ఇంత చేసి కూడా వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కథ మొదటికే వస్తుంది. అది బొమ్మను చిన్నది చేసి జెపెగ్‌గా పంపుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఆఫీసు బీరువాలో మినిట్స్ పుస్తకం పక్కన ఒక కవరు పెట్టించాను. అందులో పెన్‌డ్రైవు, దానిలో రంగు గుర్తు, నలుపు గుర్తు, చిన్న గుర్తు ఉన్నాయి. వాటితోపాటు మందపాటి అట్ట మీద జానెడు వెడల్పున అచ్చువేసిన నలుపు ప్రతి కూడా ఉంది. పెన్‌డ్రైవు పాడైనా, నలభై ఏళ్ల తర్వాత ఈ ఫైళ్లు తెరిచే ప్రోగ్రామే లేకపోయినా, ఆ అట్టను స్కాను చేసుకోవచ్చు. కవరు ఎవరు తీసినా కోశాధికారి గారి దగ్గర సంతకం పెట్టి తీయాలని కార్యవర్గం తీర్మానించింది.

కొత్త లెటర్‌హెడ్ మీద మొదటి ఉత్తరం ఆ అమ్మాయి రెండో ఏడాది ఫీజుకే తీశాం. కార్యదర్శి గారు నీలం ఇంకుతో సంతకం చేశారు. వచ్చే నెల నుంచి రసీదు పుస్తకాలు కూడా మారుతున్నాయి. పాతవి మిగిలినవాళ్లు ఈ సభ అయ్యాక కోశాధికారి గారికి అప్పగించి వెళ్లవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.